తుండు పిండిన ఎరుపు

నగరి
10 ఫిబ్రవరి 1945

చిరంజీవి వరదయ్యకు,

అక్క తాయమ్మ ఆశీర్వదించి రాసేది. బాగున్నానని నువ్వు రాస్తే నేను నమ్మను కాబట్టి ఈసారి ఆ మాట మానేసి, పొద్దున ఏం తిన్నావో రాయి. మరదలు పోయి మూడేళ్ళయింది. అంగడి వెనక గదిలో పొయ్యి రాజేశావా, లేక ఇప్పటికీ ఆ హోటలు ఇడ్లీలతోనే పొద్దు గడుపుతున్నావా?

ఒక మంచి కబురు. రంగు దొరికింది. మీ బావ ఉన్నప్పుడు తెచ్చిపెట్టిన జర్మనీ ఎరుపు డబ్బాల్లో చివరిది కార్తీకంలోనే అయిపోయిందని రాశాను కదా. యుద్ధం మూలంగా ఆ సరుకు ఓడ ఎక్కడం లేదట. రెండు నెలలు నా రంగు బానలు ఎండిపోయి పడి ఉన్నాయి. అంచుకు ఎర్ర నూలు లేక కుప్పయ్య ఇంట్లో మూడు మగ్గాలూ ఆగిపోయాయి. వీధిలో మగ్గం చప్పుడు లేకపోతే నాకు చెముడు వచ్చిందేమో అనిపిస్తుంది. పిల్లాపీచూ లేని ఇంట్లో నాకు తోడు ఆ చప్పుడే కదా.

పోయిన నెల మద్రాసు రంగుల వ్యాపారి ఒకడు కొత్త డబ్బా తెచ్చాడు. "పేరు వేరే గానీ రంగు అదేనమ్మా" అన్నాడు. నేను అతని మాట నమ్మలేదు. ఉడుకునీళ్ళలో ఉప్పు వేసి, పొడి కలిపి, చిలపలుగా చుట్టిన నూలు ముంచి ఆరేశాను. ఎరుపు అంటే ఎరుపు, చూడగానే మీ బావ గుర్తొచ్చి కళ్ళు తడి అయ్యాయి. తర్వాత మన ఇంటి పద్ధతి ఉండనే ఉంది. కుప్పయ్యను పిలిచి భుజం మీది తెల్ల తుండు పరచమన్నాను. వీధి ఉప్పుబావిలో నీళ్ళు చేది, చిలప తడిపి, తుండులో చుట్టి ఇద్దరం చెరోపక్క పట్టి మెలిపెట్టి పిండాము. తుండుకు ఎరుపు అంటితే చిలప నాకే, అంటకపోతే నేతగాడికి. తుండు మల్లెపువ్వులా అలాగే ఉంది.

"ఇంగ బతికినాం అక్కా" అన్నాడు కుప్పయ్య. అతని పెండ్లాం చౌడేశ్వరికి ఇది ఏడో నెల.

ముడుపు చీరెల మూట రైల్లో వేయించాను. తెల్ల చీరె, నాలుగు వేళ్ళ ఎర్ర అంచు. అందగానే జాబు రాయి.

నీ అక్క
తాయమ్మ


తిరుపతి
4 మార్చి 1945

అక్కకు తమ్ముడు వరదయ్య నమస్కారాలు.

పొద్దున ఇడ్లీలే తిన్నాను. అబద్ధం ఆడితే నీకు నగరిలోనే తెలిసిపోతుంది.

మూట అందింది. చీరెలు వచ్చినవి వచ్చినట్టే పోతున్నాయి. కొండకు మొక్కుబడి ఉన్న ఆడవాళ్ళు అంగడి మెట్టు ఎక్కగానే వాళ్ళ కన్ను ఆ అంచు మీదే పడుతుంది. "మా అక్క తుండు పిండి పంపిన రంగమ్మా" అని నేను అంటాను. ఎదురంగడి గోవిందయ్యకు నా ఈ మాటంటే నవ్వు. నిన్న వచ్చి బల్ల మీద కూర్చుని, "యాత్రికుడికి ఇంత కథ ఎందుకప్పా? కొండెక్కుతాడు, దిగుతాడు, రైలెక్కుతాడు. మళ్ళా నీ మొగం సూస్తాడా?" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మొన్న నాకు జ్వరం వస్తే రెండు పూటలా కషాయం పంపింది ఆయన ఇంటి నుంచే. కానీ తడిస్తే జానెడు కుదించుకుపోయే పంచెలు నవ్వుతూ అమ్ముతాడు.

ఈ పొద్దు ఒక ముసలామె, కోడలు వచ్చారు. ముసలామె పేరు అక్కమ్మ. బంగారుపాళ్యం పక్కన ఎవరిదో మామిడితోటకు కాపలా ఉంటారట. కొడుకు సుందరరాజు పట్టాళంలో చేరి మలయా పోయాడు. సింగపూరు పడిపోయిన నాటి నుంచీ, అంటే మూడేళ్ళుగా, జాబు లేదు. కోడలు యశోదమ్మకు ఇరవై ఏళ్ళుంటాయేమో. మొగుడు బతికి రావాలని నడిచి కొండెక్కి, పాపవినాశనం ధార కింద ముడుపు చీరెతో తడిసి, ఆ తడిచీరెతోనే స్వామిని చూస్తానని మొక్కుకుందట. నీ చీరె తీసి చూపించాను. ఆ పిల్ల అంచును వేలితో రుద్ది, "రంగు పోదు గదా అన్నా?" అని అడిగింది. పోదని చెప్పాను. తుండు కథ మొత్తం చెప్పాను. ముసలామె నా తల మీద చెయ్యిపెట్టి దీవించి పోయింది.

వాళ్ళు పోయాక అంగడి బోసిపోయినట్టు అనిపించింది అక్కా. ఈ ఊళ్ళో రోజూ వందల మంది మొహాలు చూస్తాను, నా పేరు పెట్టి పిలిచేవాళ్ళు నలుగురు లేరు. ఇంకో మూట పంపు.

వరదయ్య


తిరుపతి
2 ఏప్రిల్ 1945

అక్కకు నమస్కారాలు.

రెండో మూట అందింది. ఇక కొన్నాళ్ళు చీరెలు పంపవద్దు. ఎండలు ముదిరాయి కదా, యాత్రికులు తగ్గారు. సరుకు అటక మీద ఉంది. నీ ఒళ్ళు జాగ్రత్త.

వరదయ్య


నగరి
20 ఏప్రిల్ 1945

చిరంజీవి వరదయ్యకు ఆశీస్సులు.

ఎండాకాలంలో తిరుపతికి యాత్రికులు తగ్గారా? పంట ఇంటికి చేరి, పెళ్ళిళ్ళు మొదలయ్యే కాలంలో కొండకు పోక జనం ఎక్కడికి పోతారు, మా ఇంటికి వస్తారా? నాకు లెక్కలు రావు గానీ కాలాలు వచ్చు. జ్వరం తిరగబెట్టిందా? లేక ఎవరైనా పిల్లను చూశావా? ఆ సంగతైతే దాచకు, సంతోషంగా వచ్చి తలంబ్రాల బియ్యం నేనే కలుపుతాను.

నువ్వు రాసే జాబులో ముందు హోటలు ఉంటుంది, తర్వాత గోవిందయ్య ఉంటాడు, చివర్న నీ దిగులు ఉంటుంది. ఈసారి ఏదీ లేదు. నాలుగు వాక్యాలకు తపాలా బిళ్ళ అంటించి పంపావు.

కుప్పయ్యకు కొడుకు పుట్టాడు. బిడ్డ సన్నంగా ఉన్నాడు, తల్లికి పాలు చాలడం లేదు. మగ్గాలు ఆపమని అతనికి నేను ఎట్లా చెప్పేది? ఇంకో మూట పంపుతున్నాను. అమ్మగలిగినప్పుడే అమ్ము.

తాయమ్మ


తిరుపతి
3 జూన్ 1945

అక్కకు నమస్కారాలు.

జ్వరం లేదు, పిల్లా లేదు. బిడ్డ పుట్టాడని విని సంతోషించాను. కుప్పయ్యను రంగు అంచులు మాని ఉత్త తెల్ల తుండ్లు నేయమను. ఇప్పుడు జనం అవే అడుగుతున్నారు. ఎన్ని పంపినా తీసుకుంటాను.

పొయ్యి రాజేశాను. రోజూ అన్నం వండుకుంటున్నాను. ఒక్కడికి వండితే ఎంత కొలిచినా మిగిలిపోతుంది.

వరదయ్య


నగరి
15 జూలై 1945

చిరంజీవి వరదయ్యకు,

కుప్పయ్య బిడ్డ పుట్టువెంట్రుకలు ఇవ్వడానికి కొండకు వచ్చినప్పుడు నీ అంగడికి వచ్చాడట. మనిషివి చిక్కిపోయావని చెప్పాడు. అరల్లో ఒక్క ఎర్రంచు చీరె కూడా లేదని, తర్వాత పంపిన రెండు మూటలూ అటక మీద విప్పకుండా పడి ఉన్నాయని చెప్పాడు. మాట్లాడబోతే నువ్వు బిడ్డకు చొక్కా గుడ్డ చించి ఇచ్చి పంపేశావట.

నేను దెబ్బలాడతానని అనుకుంటున్నావేమో. దెబ్బలాడను. నువ్వు వద్దన్న చీరెలు తడ వైపు సంతలు తిరిగే మునస్వామి తీసుకుపోతున్నాడు.

రంగు గురించి నీతో ఎవరైనా ఏమైనా అన్నారా? అని ఉంటే రాయి. లేకపోతే ఈ జాబుకు జవాబు అక్కరలేదు.

తాయమ్మ


తిరుపతి
26 ఆగస్టు 1945

అక్కకు,

యుద్ధం అయిపోయింది. ఊరంతా చెప్పుకుంటున్నారు. రేణిగుంట స్టేషన్లో ఖాకీ బట్టల వాళ్ళు దిగుతున్నారని విని రెండుసార్లు ఊరికే పోయి నిలబడి వచ్చాను. మలయా పోయిన ఆ సుందరరాజు ఎట్లా ఉంటాడో కూడా నాకు తెలియదు. ఎవరి కోసం వెతికానో అడిగితే చెప్పలేను. ఇక దాచి బతకడం నా వల్ల కాదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మార్చిలో నీకు జాబు రాశాను చూడు, అది రాసిన నాలుగో రోజు. మధ్యాహ్నం గోవిందయ్య నా బల్ల మీద కూర్చుని ఉన్నాడు, కర్నూలు వైపు యాత్రికులు ఐదారుగురు బేరం చేస్తున్నారు. అక్కమ్మ మెట్టు ఎక్కింది. కోడలు మెట్టు కిందే తల వంచుకుని నిలబడింది. ముసలామె చంకలోంచి తడి మూట తీసి బల్ల మీద పెట్టింది. నీ చీరె. అంచులో ఎరుపు వెలిసిపోయి, తెలుపంతా చారలు చారలుగా ఎర్రబడి ఉంది.

కొట్లాటకు వచ్చిందనుకున్నాను. వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

"పాపవినాశనం కింద నిలబడిందో లేదో, పిల్ల ఒంటి మింద నుంచి ఎర్రగా కారింది నాయనా. కాళ్ళ కింద నీళ్ళన్నీ ఎరుపే. తానాలు చేసేటోళ్ళంతా అరిసినారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని, నెత్తురు సూపించినాడమ్మా సామి, ఇంగ నీ కొడుకు లేడనుకో అనింది" అని చెప్పింది. ఏడవలేదు అక్కా. ఏడ్చి ఏడ్చి అయిపోయిన గొంతు. "ఇది మళ్ళా ఇంటికి తీసకపోగూడదు, నీ దగ్గరే ఉంచు. అంచు లేని తెల్ల చీరె ఒకటి ఇయ్యి, పిల్లకు" అంది.

అప్పుడే చెప్పాలి. అది రంగమ్మా, నెత్తురు కాదు, మా తప్పు అని ఒక్క మాట. నోరు తెరిచాను. యాత్రికులు బేరం ఆపి నన్నే చూస్తున్నారు. గోవిందయ్య నన్నే చూస్తున్నాడు. నీ పేరు చెప్పి ఆ అంగట్లో నేను ఎన్ని చీరెలు అమ్మానో అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. నోరు మూసుకున్నాను. తెల్ల చీరె తీసి ఇచ్చాను. ఆమె కొంగుముడి విప్పబోతే డబ్బులు వద్దన్నాను. నా దయ అనుకుని ఆమె మళ్ళీ నా తల మీద చెయ్యి పెట్టింది.

వాళ్ళు పోయాక గోవిందయ్య, "మంచి పని చేసినావప్పా, గమ్మున ఉండిపోయినావు" అన్నాడు. ఆ మెప్పు విన్నప్పటి నుంచి ఆయన ఇంటి కషాయం కూడా నాకు దిగడం లేదు.

ఆ సాయంత్రం కొత్త చీరె ఒకటి తీసి బేసిన్లో నీళ్ళు పోసి ముంచాను. చూస్తుండగానే నీళ్ళు ఎర్రబడ్డాయి. నువ్వు తుండు పిండకుండా పంపవని నాకు తెలుసు. మరి ఇది ఎట్లా జరిగిందో అర్థం కాలేదు. నీకు రాస్తే నీ గుండె పగులుతుందని, మగ్గాలు ఆగితే కుప్పయ్య ఇల్లు ఏమవుతుందోనని మూటలు అటక ఎక్కించి మాట్లాడకుండా ఉన్నాను. అది నీ మీది ప్రేమే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే సగం నా అంగడి మీది ప్రేమ.

ఎర్రచారల చీరె నా దగ్గరే ఉంది. ఆ పిల్ల నుదుట బొట్టు ఉందో చెరిపేశారో నాకు తెలియదు.

వరదయ్య


నగరి
9 సెప్టెంబర్ 1945

తమ్ముడూ,

నీ జాబు చదివి రెండు రోజులు బాన దగ్గరికి పోలేదు. ఇప్పుడు నా సంగతి విను.

నాకు మే నెల నుంచీ తెలుసు.

ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఆరేసిన చిలపలు తీయడానికి నేను లేచేలోపలే తడిసిపోయాయి. చూరు కింద కారుతున్న నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అదే చిలపను ఉప్పుబావి నీళ్ళలో తడిపి తుండులో పిండాను, తుండు తెల్లగా ఉంది. ముంతెడు వాననీళ్ళు పట్టి అందులో పిండాను, తుండు ఎర్రబడింది. అప్పుడు తెలిసింది. నూలుకు ఈ కొత్త రంగు పట్టాలంటే బానలో ఉప్పు వేయాలి, ఆ ఉప్పే దాన్ని పట్టుకుని ఉంటుంది. మన వీధి బావి నీళ్ళు నోట పోసుకోలేనంత ఉప్పు. ఉప్పునీళ్ళలో పరీక్ష పెడితే అది ఎందుకు పోతుంది? తియ్యటి నీళ్ళు తగిలితేనే జారిపోతుంది. కొండ మీద ధార నీళ్ళు ఎంత తియ్యగా ఉంటాయో నీకు తెలియనిది కాదు. బావ కాలంలో రంగు గట్టిది కాబట్టి ఏ నీళ్ళైనా ఒకటే అయింది. రంగు మారింది, నేను నీళ్ళు మార్చలేదు. ఇరవై ఏళ్ళు బాన ముందర కూర్చున్నదాన్ని, ఈ చిన్న సంగతి తట్టలేదు.

అది పొరపాటు. దాని తర్వాత చేసింది పొరపాటు కాదు. కుప్పయ్య బిడ్డ సన్నంగా ఉన్నాడు, చౌడేశ్వరి లేవలేదు, మగ్గం ఆగితే నేనొక్కదాన్నే ఆ నిశ్శబ్దంలో కూర్చోవాలి. నువ్వు చీరెలు వద్దని రాస్తే పైకి కోప్పడ్డాను. వాన పడ్డాక మటుకు, పోనీలే, తమ్ముడి చేతి మీదుగా పోవు అని ఊపిరి పీల్చుకున్నాను. మునస్వామికి అమ్మాను. ఉప్పునీళ్ళలో తడిపి, వాడి తుండులోనే పిండి చూపించి అమ్మాను వరదయ్యా. నువ్వు మాట్లాడక తప్పు చేశావు. నేను మీ బావ పద్ధతినే చేత పట్టుకుని అబద్ధం ఆడాను.

యాత్రికుడు మళ్ళా నీ మొగం చూస్తాడా అన్న గోవిందయ్య మాట నువ్వు రాసినప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు వేరేగా వినిపిస్తోంది. మళ్ళీ వచ్చే మనిషికైతే తుండు పిండటం ఎందుకు? రంగు పోతే తెల్లారేసరికి వచ్చి వీధి అదిరేలా అరుస్తుంది, ఆమె నోరే చాలు మనల్ని సరిగ్గా ఉంచడానికి. మళ్ళీ రాని మనిషి కోసమే మీ బావ ఆ పద్ధతి పెట్టాడు.

కుప్పయ్యను పిలిచి అంతా చెప్పాను. "ఇప్పుడు చెప్తావా అక్కా? ఈ బిడ్డను ఏం చేసుకోమంటావు?" అని చిలప విసిరికొట్టి పోయాడు. మూడు రోజులుగా నా వాకిలి తొక్కలేదు.

నువ్వు బంగారుపాళ్యం పో. జాబు రాయొద్దు, మనిషిని పంపొద్దు, నువ్వే పో. ఆ చీరె తీసుకుపో.

తాయమ్మ


తిరుపతి
11 నవంబర్ 1945

అక్కకు నమస్కారాలు.

పోయి వచ్చాను. ఆలస్యానికి నా పిరికితనమే కారణం, వేరే సాకు చెప్పను. సెప్టెంబర్లో ఒకసారి చిత్తూరు దాకా రైల్లో పోయి, బస్సు ఎక్కకుండా తిరిగి వచ్చాను. ఈసారి ఎక్కాను. పెట్రోలు బదులు బొగ్గు మీద నడిచే బస్సు కదా, రెండు చోట్ల దిగి తోశాము.

తోట ఊరికి ఒక మైలు. గుడిసె ముందు అక్కమ్మ ఎండుపుల్లలు కట్టలు కడుతోంది. నన్ను వెంటనే పోల్చుకుంది. "చీరె ఊరికే ఇచ్చిన మారాజు వచ్చినాడే" అని కోడలిని పిలిచింది. యశోదమ్మ నీళ్ళ చెంబుతో బయటికి వచ్చింది. నేను ఇచ్చిన తెల్ల చీరే కట్టుకుని ఉంది. చేతులు బోసిగా ఉన్నాయి. నుదురు బోసిగా ఉంది.

నేను కూర్చోలేదు. లోతుపాటి సత్తు తట్ట ఒకదానిలో నీళ్ళు అడిగాను. మూటలోంచి చీరె తీశాను. ముసలామె అది చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇది నెత్తురు కాదమ్మా, రంగు" అన్నాను. "యుద్ధం వల్ల మంచి రంగు దొరకలేదు. ఉప్పునీళ్ళల్లో పరీక్ష చేసి మోసపోయినాము. సామి ఏమీ చెప్పలేదు. నువ్వు వచ్చిన పొద్దే నాకు అనుమానం ఉండె, ఆ సాయంత్రమే తెలిసింది. చెప్పలేదు." అంచు ఇంకా ఎరుపు మిగిలిన చోట పట్టుకుని నీళ్ళలో పిండాను. తట్టలో నీళ్ళు ఎర్రబడ్డాయి.

అక్కమ్మ ముందుకు వచ్చి ఆ నీళ్ళలో వేలు ముంచి చూసింది. "అయితే నా కొడుకు?" అంది.

"తెల్దమ్మా. నాకు తెలిసింది రంగు సంగతి ఒక్కటే."

ఎనిమిది నెలలు ఆ ఇంట్లో ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా ఆమె నోటి నుంచే విన్నాను. కొండ దిగిన పదకొండో రోజున కోడలి గాజులు పగలగొట్టింది. ఒద్దు అత్తా, నాకు నమ్మకం లేదు అని పిల్ల కాళ్ళు పట్టుకుంటే, సామి మాటకు ఎదురు పోతావా అని తనే చెయ్యి పట్టుకుని రాతికేసి కొట్టిందట. పుట్టింటి వాళ్ళు వచ్చి ఏడ్చి పోయారు. ఇరుగుపొరుగు వాళ్ళు పొద్దున్నే ఎదురుపడకుండా తప్పుకుంటున్నారు. యుద్ధం ఆగిందని విన్నప్పుడు ఆ పిల్ల రోడ్డు మీదికి పోయి నిలబడితే, ముసలామె జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది.

ఆమె ఇదంతా చెబుతుండగానే యశోదమ్మ మా దగ్గరికి వచ్చింది. నా చేతిలోంచి చీరె తీసుకుని తట్ట ముందు కూర్చుంది. ముంచింది, పిండింది. నీళ్ళు పారబోసి, మళ్ళీ నింపుకొచ్చి, మళ్ళీ ముంచింది. ఎన్నిసార్లో నేను చూడలేకపోయాను. ఎరుపు రావడం ఆగిపోయేదాకా పిండింది. తర్వాత దులిపి, మామిడికొమ్మ మీద ఆరేసి, నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే ఏం పోతా ఉండె అన్నా నీకు?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. అంగడి అనాలా, అక్క పేరు అనాలా, గోవిందయ్య చూస్తున్నాడని అనాలా? ఏదీ ఆమె ముందు పలికే మాట కాదు.

ఆమె లోపలికి పోయింది. తిరిగి వచ్చినప్పుడు నుదుట కుంకుమ ఉంది. అత్త వైపు చూడలేదు. పుల్లల కట్ట ఎత్తుకుని తోట లోపలికి నడిచింది. అక్కమ్మ ఆ బొట్టు చూసి నోట్లో కొంగు కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి ఆమె నా తల మీద చెయ్యి పెట్టలేదు. నేనే పాదాలు తాకి వచ్చేశాను.

అటక మీది మూటలు దింపాను. "ఈ చీరె రంగు పోతుంది" అని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి వాటి పక్కన పెట్టాను. మొక్కు కోసమని వచ్చినవాళ్ళకు ఇవ్వడం లేదు. కొందరు చదివి, తక్కువకు వస్తోందని తెలిసే కొనుక్కుంటున్నారు. చాలామంది చదివి గోవిందయ్య అంగడికి పోతున్నారు. ఆయన ఒక రోజు వచ్చి ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "నీకు పిచ్చి పట్టిందప్పా. నీ అట్ట సూసి నా అంగట్లో గూడా రంగు పోతాదా అని అడగబట్టినారు" అన్నాడు. అడిగితే ఏం చెబుతున్నావని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అప్పటి నుంచి బల్ల మీద కూర్చోవడానికి రావడం లేదు. మాట్లాడే మనిషి లేక అంగడి మరీ పెద్దదిగా ఉంది. అయినా రాత్రిళ్ళు అన్నం సయిస్తోంది అక్కా.

వరదయ్య


నగరి
2 డిసెంబర్ 1945

చిరంజీవి వరదయ్యకు అక్క ఆశీస్సులు.

నీ జాబు కుప్పయ్యకు చదివి వినిపించాను. అవును, వచ్చాడు. మగ్గం వదిలి పుత్తూరులో కూలికి పోయి, చేతులు బొబ్బలెక్కి వచ్చాడు. ఇప్పుడు రెండు మగ్గాల మీద తెల్ల తుండ్లు నేస్తున్నాడు. మూడోది ఆగే ఉంది. దాని వైపు చూసినప్పుడల్లా నాతో రెండు మాటలు పెళుసుగా మాట్లాడతాడు, పడతాను.

మునస్వామిని వెతుక్కుంటూ తడ దాకా పోయాను. చీరెలు సగం తిరిగి దొరికాయి. మిగతావి ఏ ఊళ్ళకు పోయాయో, ఏ వానలో ఎవరి ఒంటి మీద కారాయో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ సంగతి నాతోనే ఉంటుంది.

రంగుల వ్యాపారి ఇంకో డబ్బా తెచ్చాడు. "ఇది గట్టిదమ్మా" అన్నాడు. చూరు కింద వాననీళ్ళ కుండలు వరసగా పెట్టి ఉన్నాయి, వాటిలో ముంచి, అతని చొక్కా మీదే పిండాను. ఎర్రచొక్కాతో మద్రాసు రైలెక్కాడు. బానలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ జాబుతో పాటు ఒక చిన్న మూట పంపుతున్నాను. లోపల ఉన్నది ఒక చీరె, దాని అంచు మీ బావ చివరిసారి ముంచిన నూలు. నాకని నేయించాడు. మడత విప్పకముందే ఆయన పోయాడు, ఎనిమిదేళ్ళుగా పెట్టెలోనే ఉంది. ఇది తీసుకుపోయి యశోదమ్మకు ఇవ్వు. ఆమె ప్రశ్నకు జవాబు కాదు ఇది, ఆ మాట కూడా చెప్పు. ఆ పిల్లకు కట్టుకోవడానికి తెల్ల చీరె తప్ప ఇంకొకటి ఉందో లేదో అని పంపుతున్నాను. ముండమోసిన దాని పెట్టెలో చీరె అని ముసలామె సందేహిస్తే, మగవాడు బతికి ఉండగా ముంచిన రంగని చెప్పు. అయినా వద్దంటే బలవంతం చేయకు, వెనక్కి తెచ్చెయ్యి.

చీరె మొత్తం వాననీళ్ళలో మూడు రోజులు నానబెట్టాను. కుప్పయ్యను పిలిచి అతని తుండులో పిండాను. నీకు అనుమానం రాకుండా ఆ తుండు కూడా మూటలో పెట్టాను, తీసి చూడు. తెల్లగా ఉంది.

నీ అక్క
తాయమ్మ